టెంట్ ఎక్కడైనా వేసుకోవచ్చు, నిజమే. మరి ఆ చోటు మంచిదేనా?

నార్వే వెళ్లొచ్చినవాళ్ల వీడియోల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "ఇక్కడ టెంట్ ఎక్కడైనా వేసుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, రూపాయి కట్టక్కర్లేదు." వెనకాల నీలిరంగు ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), దాని పక్కనే నిటారుగా లేచిన కొండ, కొండ నెత్తిన మంచు. చూసినవాళ్లకి ఎప్పుడెప్పుడు వెళ్దామా అనిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మిగతా సగం తెలియకుండా వెళ్లినవాళ్లలో కొందరు రైతుతో మాట పడతారు, కొందరు రాత్రంతా తడిసి వణుకుతారు. అరుదుగానే అయినా, తిరిగి రానివాళ్లూ ఉన్నారు.

మనకి చిక్కు ఎక్కడొస్తుందంటే, మన దగ్గర అనుమతి, భద్రత రెండూ కలిసే వస్తాయి. నల్లమల అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ వాళ్లు ఒప్పుకోవాలి. గేటు తీశారంటే లోపల ఫర్వాలేదనీ, ప్రమాదం ఉంటే వాళ్లే మూసేస్తారనీ అనుకుంటాం. జలపాతం దగ్గర రెయిలింగ్ కడతారు, ఉద్ధృతి పెరిగితే పోలీసులు ఆపేస్తారు. నార్వేలో ఈ లంకె లేదు. చట్టం మిమ్మల్ని వెళ్లనిస్తుంది. వెళ్లిన చోటు ఎలాంటిదో చూసుకునే బాధ్యత మీదే. లీసెఫియోర్డ్ నీళ్లకి 604 మీటర్ల ఎత్తున ఉన్న ప్రైకెస్తూలెన్ రాతి అంచు మీదికి ఏటా లక్షల మంది వస్తారు. అక్కడ ఒక్క రెయిలింగ్ కూడా లేదు. ఎవరో మర్చిపోయి కాదు, ఆలోచించే వదిలేశారు. ఈ తేడా ఒక్కటి మనసులో పెట్టుకుంటే నార్వే కొండల గురించి వినిపించే పొంతన లేని మాటలు చాలావరకు అర్థమవుతాయి.

హక్కు ఎంతవరకు

ఈ హక్కుని అక్కడ అల్లెమాన్స్‌రెట్టెన్ అంటారు. తరతరాలుగా ఆచారంగా వస్తున్నదాన్ని 1957లో చట్టంగా రాసుకున్నారు. ఆ చట్టం భూమిని రెండు రకాలుగా చూస్తుంది. ఇంటి ఆవరణ, సాగు పొలం, గడ్డి పెంచే నేల, కొత్తగా మొక్కలు నాటిన చోటు ఇన్‌మార్క్. మిగతాదంతా, అంటే అడవి, కొండ, చిత్తడి నేల, సాగులో లేని ఒడ్డు, ఊట్‌మార్క్. ఊట్‌మార్క్‌లో ఏడాది పొడవునా ఎవరైనా నడవొచ్చు. ఆ నేల ఒక ప్రైవేటు మనిషి పేరు మీద ఉన్నా సరే. పుట్టగొడుగులు, అడవి పండ్లు కోసుకోవచ్చు, టెంట్ వేసుకోవచ్చు. మీరు ఆ దేశస్థులా, టూరిస్టులా అని చట్టం అడగదు.

టెంట్‌కి మాత్రం కొన్ని షరతులున్నాయి. జనం ఉండే ఇల్లు గానీ క్యాబిన్ గానీ కనీసం 150 మీటర్ల దూరంలో ఉండాలి. యజమానిని అడగకుండా ఒకే చోట రెండు రోజులకు మించి ఉండకూడదు. కొండల పైన, ఊళ్లకి దూరంగా ఉన్న చోట్ల ఈ రెండు రోజుల లెక్క వర్తించదు. ఇన్‌మార్క్‌లో అయితే అనుమతి లేకుండా టెంట్ వేయడం కుదరదు. పొలం మీదుగా నడవడం కూడా నేల గడ్డకట్టినప్పుడో, మంచు కప్పినప్పుడో మాత్రమే. అదీ ఏప్రిల్ 30 నుంచి అక్టోబర్ 14 వరకు కుదరదు. మనవాళ్లు వెళ్లేది వేసవిలోనే కాబట్టి పొలం కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్లడమే.

అడవిలోనూ అడవి దగ్గర్లోనూ ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మంట వేయడం నిషేధం. బాగా ఎండలు కాసి అడవి ఎండిపోయిన రోజుల్లో అగ్నిమాపక శాఖ గ్యాస్ స్టవ్ కూడా వద్దనొచ్చు. సముద్రంలో గాలం వేసుకోవచ్చు గానీ, నదిలో, చెరువులో చేపలు పట్టాలంటే అనుమతి కార్డు కొనాలి. ఈ హక్కు నడిచేవాళ్ల కోసం పుట్టింది, ఇంజన్ బండ్ల కోసం కాదు. కారుని రోడ్డు దించి పచ్చిక మీదికి తోలి "అల్లెమాన్స్‌రెట్టెన్" అంటే ఎవరూ ఒప్పుకోరు.

వీటన్నిటి పైన స్థానిక నిబంధనలు ఉంటాయి. లోఫోటెన్ దీవుల్లో కొన్ని బీచ్‌ల దగ్గర మున్సిపాలిటీలు టెంట్లను నిషేధించాయి. ఇంటర్నెట్‌లో అయిదేళ్ల కిందట ఎవరో రాసిన దాని కన్నా అక్కడ పాతిన బోర్డే చెల్లుతుంది. ఈ నిషేధాలు ఎందుకొచ్చాయో చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు, నేను సూటిగానే చెప్తాను. మలవిసర్జన. వేలమంది వచ్చే ఒడ్డున రాళ్ల వెనక టిష్యూ పేపర్లు తేలుతుంటే ఆ ఊరివాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటారు? నీళ్లకీ దారికీ బాగా దూరంగా వెళ్లి, గొయ్యి తీసి పూడ్చాలి, పేపర్ సంచిలో వేసుకుని తెచ్చేయాలి. ఎవరి నేల మీదైనా నడవనిచ్చే ఇంత మంచి చట్టం ఇంత చిన్న కారణంతో కుంచించుకుపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

చదునైన నేల ఎందుకు దొరకదు

చట్టం ఇంత ఉదారంగా ఉన్నా, ఫియోర్డ్ ఒడ్డున టెంట్‌కి చోటు వెతికేవాళ్లు సాయంత్రమంతా తిరుగుతూనే ఉంటారు. దీనికి కారణం ఆ నేల పుట్టుకలో ఉంది.

గత ఇరవై అయిదు లక్షల ఏళ్లలో స్కాండినేవియా మీద మంచు చాలాసార్లు పరుచుకుంది, కరిగింది. బాగా పేరుకున్న కాలంలో దాని మందం మూడు కిలోమీటర్ల దాకా ఉండేది. ఆ మంచు పాత నదీలోయల వెంట సముద్రం వైపు జారుతూ, అడుగున ఇరుక్కున్న రాళ్లతో లోయను గీకుతూ పోయింది. నది సముద్ర మట్టం కన్నా లోతుకి తవ్వలేదు. అంత మందం మంచుకి ఆ హద్దు లేదు. సోగ్నెఫియోర్డ్ 200 కిలోమీటర్లకు పైగా పొడవుండి, 1,308 మీటర్ల లోతుకి దిగింది ఇందుకే. అదే ఫియోర్డ్ సముద్రంలో కలిసే చోట లోతు చాలా తక్కువ, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి మంచు పక్కలకి విస్తరించి పలచబడి, తవ్వే బలం పోగొట్టుకుంది. సుమారు పదివేల ఏళ్ల కిందట మంచు వెనక్కి తగ్గాక సముద్రం లోపలికి వచ్చి ఆ లోయల్ని నింపింది.

అలా తయారైన ఒడ్డున చదునైన నేల చాలా కొద్ది చోట్ల ఉంటుంది. ఫియోర్డ్ చివర, నది మట్టి తెచ్చి పోసిన చోట కొంత. మంచు బరువు దిగిపోయాక నేల మెల్లగా పైకి లేవడంతో మెట్లుగా మిగిలిన పాత ఒడ్డుల మీద కొంత. నార్వే మొత్తంలో సాగు భూమి దాదాపు మూడు శాతమే. ఫియోర్డ్ ప్రాంతంలో ఆ కాస్త సాగూ సాగేది ఈ చిన్న చిన్న చదునుల మీదే. వందల ఏళ్లుగా రైతులు ఉంటున్నదీ అక్కడే. మీకు టెంట్‌కి బాగుందనిపించిన పచ్చటి గడ్డి వాళ్ల పశువులకి చలికాలం మేత. అంటే ఇన్‌మార్క్. పక్కన మిగిలిన కాస్త చోటు 150 మీటర్ల లెక్కలో పోతుంది. కింద పడుకోవాలనుకుంటే తలుపు తట్టి ఆ రైతునే మర్యాదగా అడగాలి, లేదా డబ్బు కట్టి క్యాంపింగ్ స్థలంలో దిగాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆ నిటారు ఒడ్డుల గురించి ఇంకో సంగతి కూడా ఉంది. 1934 ఏప్రిల్ 7న తాఫియోర్డ్‌లో కొండచరియ విరిగి నీళ్లలో పడి పెద్ద అల లేచింది. 40 మంది చనిపోయారు. లోయెన్ దగ్గరి చెరువులోకి 1905లో ఒకసారి, 1936లో మరోసారి అదే కొండ విరిగి పడింది. మొదటిసారి 61 మంది, రెండోసారి 74 మంది పోయారు. గెయిరాంగర్ వైపు వెళ్లే దారిలో ఓక్నెస్ అనే కొండవాలు కదలికల్ని ఇప్పుడు రాత్రీ పగలూ పరికరాలతో గమనిస్తున్నారు. అంత పెద్దవి ఎప్పుడో గానీ జరగవు, వాటి గురించి టూరిస్టు టెన్షన్ పడక్కర్లేదు. చిన్న రాళ్లు పడటం మాత్రం మామూలే. వాలు కింద టెంట్ వేసే ముందు చుట్టూ ఉన్న బండల్ని చూడండి. నాచు, పాచి పట్టి నల్లబడ్డవైతే అవి పడి చాలాకాలమైంది. కొత్తగా విరిగిన అంచులు, తెల్లటి పగుళ్లు, నలిగిన పొదలు కనిపిస్తే అక్కడ ఉండొద్దు.

కింద చోటు లేదు కాబట్టి పైకి వెళ్లాలి. ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి జలపాతమే మంచి గుర్తు. పెద్ద లోయను ప్రధాన హిమానీనదం లోతుగా తవ్వేస్తే, పక్క నుంచి వచ్చి కలిసిన చిన్నవి అంత లోతుకి తవ్వలేకపోయాయి. వాటి లోయలు కొండ నడుమున వేలాడుతూ మిగిలిపోయాయి. కింద నుంచి మనం చూసే జలపాతం అలాంటి లోయ నోట్లోంచి పడుతున్న నీరు. చాలా చోట్ల దాని పక్కగా పాత పశువుల బాట ఒకటి ఉంటుంది. ఎప్పుడో వేసవిలో ఆవుల్ని, మేకల్ని పైకి తోలుకెళ్లిన దారి. రెండు మూడు గంటలు ఎక్కితే పైన లోయ విచ్చుకుంటుంది. వెడల్పుగా, ఇంచుమించు చదునుగా, మధ్యలో మెల్లగా పారే ఏరుతో. చెట్లు తగ్గిపోతాయి, పొలాలుండవు. పాత వేసవి పాకలుంటే వాటికి దూరంగా జరగండి. మిగతాది మీదే.

పైన వాతావరణం వేరు

చట్టం అక్కడితో తప్పుకుంటుంది. తర్వాతి సంగతులు కొండ చూసుకుంటుంది.

అట్లాంటిక్ మీది నుంచి తడిగాలి వచ్చి ఈ పర్వతాలకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, కురుస్తుంది. పడమటి తీరంలోని బెర్గెన్‌లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన. పర్వతాలు దాటి తూర్పున ఉన్న షోక్ అనే చోట 300 మిల్లీమీటర్లు కూడా పడదు. అక్కడి రైతులు పూర్వం నుంచీ కాలవలు తవ్వి పొలాలకి నీళ్లు పెట్టుకుంటున్నారు. ఈ రెండిటికీ మధ్య ఉన్న గోడ మీదే మనం నడిచేది. గాలి ఏ వైపు నుంచి వీస్తుందన్న దాన్ని బట్టి, ఒకే కొండకి అటు వాన, ఇటు ఎండ. రెండు రోజుల వెసులుబాటు ఉంటే, పడమట ముసురు పట్టినప్పుడు తూర్పు లోయలకి జరిగితే సరిపోతుంది. చాలామంది హోటల్ బుకింగులకు కట్టుబడి వానలోనే కూర్చుంటారు.

ఇంకో పొరపాటు సూచన చదవడంలో జరుగుతుంది. నార్వే వాతావరణ సంస్థ, ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే కలిసి 2007 నుంచి నడుపుతున్న యర్ అనే సేవ చాలా బాగా పనిచేస్తుంది. అయితే మనం అందులో ఊరి పేరు కొడతాం. ఊరు ఫియోర్డ్ ఒడ్డున ఉంటుంది. అక్కడ 16 డిగ్రీలు చూపిస్తే, 1,400 మీటర్ల ఎత్తున సుమారు ఏడు డిగ్రీలు ఉంటుంది. ప్రతి వంద మీటర్లకీ అర డిగ్రీ పైగా పడిపోతుంది మరి. దాని పైన గాలి, వాన. శిఖరం పేరో, క్యాబిన్ పేరో కొట్టి చూడండి, గాలి వేగం తప్పకుండా చూడండి.

మనకి చలి అనగానే మంచు గుర్తొస్తుంది. నిజానికి సున్నా కన్నా తక్కువ ఉండే పొడి చలి కన్నా, ఆరేడు డిగ్రీల దగ్గర తడిసి, గాలికి నిలబడటం చాలాసార్లు ఎక్కువ ప్రమాదం. జీన్స్, కాటన్ టీషర్టు తడిస్తే ఒంటి వేడినంతా లాగేస్తాయి, త్వరగా ఆరవు. ఒంటికి ఆనేది ఉన్ని గానీ సింథటిక్ గానీ ఉండాలి, పైన నీళ్లు చొరని జాకెట్, ప్యాంటు రెండూ ఉండాలి. పడుకునేటప్పుడు వేసుకునే జత ఒకటి ప్లాస్టిక్ సంచిలో విడిగా కట్టి, ఏం జరిగినా పగలు బయటికి తీయకుండా ఉంచుకోవాలి. స్లీపింగ్ బ్యాగ్ మీద డబ్బు పెట్టి, కింద పరిచే మ్యాట్ దగ్గర పొదుపు చేసేవాళ్లున్నారు. రాత్రి చలి సగం నేల లోంచే వస్తుంది. వెన్ను కింద బ్యాగ్ నలిగి పలచబడిపోతుంది కాబట్టి అక్కడ కాపాడేది మ్యాట్ ఒక్కటే.

టెంట్ తాళ్లన్నీ కట్టండి, ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే. సన్నటి వైపు గాలికి ఎదురుగా పెట్టండి. రెండు కొండల మధ్య కనుమలో గాలి పోగుపడి వీస్తుంది, అక్కడ వద్దు. లోయ అట్టడుగున చల్లగాలి చేరుతుంది, నేల చిత్తడిగా ఉంటుంది. కాస్త ఎత్తుగా, వెనక బండ అడ్డున్న చోటు చూసుకోండి.

తిండి విషయంలో మనవాళ్లకి ఒక మాట. అటుకులు, ఉప్మా రవ్వ వేయించి కలిపిన పొడి, కందిపొడి ఇవి తేలిక, కడుపు నింపుతాయి. నెయ్యి, పాలపొడి, పాల స్వీట్లు, మాంసం పచ్చళ్లు ఇండియా నుంచి తీసుకెళ్లొద్దు. యూరప్ బయటి నుంచి పాల, మాంసం పదార్థాలను అక్కడి కస్టమ్స్ అనుమతించదు. గ్యాస్ డబ్బా విమానంలో కుదరదు, అక్కడే కొనుక్కోవాలి.

ఏరు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా

జూన్ ఆఖరు వరకు, కొన్ని చోట్ల జులైలో కూడా, పై దారుల్లో పాత మంచు ఉంటుంది. అది చూడ్డానికి గట్టిగానే కనిపిస్తుంది. అయితే దాని కింద ఏరు పారుతుంటే, నీళ్లు అడుగు నుంచి కరిగించి బోలు చేసేస్తాయి. మంచు మీద నడుస్తున్నప్పుడు కింద నీళ్ల చప్పుడు వినిపిస్తే, రంగు కాస్త ముదురుగా పల్లంగా కనిపిస్తే, వెనక్కి వచ్చి వేరే చోట దాటండి.

హిమానీనదం నుంచి వచ్చే ఏర్లు మన ఏర్ల కన్నా వేరే పద్ధతిలో నడుస్తాయి. వాన పడితే పొంగుతాయి, సరే. ఎండ కాసినా పొంగుతాయి. మధ్యాహ్నం ఎండకి పైన కరిగిన నీళ్లు కిందికి చేరేసరికి సాయంత్రమవుతుంది. పొద్దున మోకాలి లోతులో దాటిన ఏరు, తిరిగొచ్చేసరికి తొడల దాకా వచ్చి రాళ్లని దొర్లిస్తుంటుంది. నీళ్లు పాలపిండి రంగులో ఉంటాయి కాబట్టి అడుగు కనపడదు. దాటాల్సి వస్తే తెల్లవారుజామున, ఏరు పాయలుగా చీలి వెడల్పైన చోట, బూట్లు విప్పకుండా, నడుము బెల్టు వదులు చేసుకుని, కర్ర ఊతంగా, ప్రవాహానికి ఎదురు తిరిగి దాటాలి. పడితే బ్యాగ్ వదిలించుకోగలగాలి, అందుకే బెల్టు వదులు. చాలా దారుల్లో వేసవి వంతెనలు వేస్తారు, శరదృతువులో తీసేస్తారు. మ్యాప్‌లో గీత నది దాటిందంటే వంతెన ఉందని కాదు. ఆ వారం ఉందో లేదో అడిగి బయల్దేరాలి.

మంచు నిలకడగా ఉండదు

హిమానీనదం అంటే కదిలే మంచు. ఏటా పడిన మంచు కరగకుండా మిగిలి, పొర మీద పొర పడి, బరువుకి గట్టిపడి గాజు మంచుగా మారుతుంది. మందం పెరిగాక తన బరువుకి తనే కిందికి జారుతుంది. లోపలి మంచు ముదురు పాకంలా సాగుతుంది. పైనున్న ఓ ముప్పై మీటర్లు మాత్రం పెళుసు. కింద నేల ఎగుడుదిగుడు వచ్చినప్పుడు, మలుపు తిరిగినప్పుడు ఆ పై పొర సాగలేక పగులుతుంది. ఈ పగుళ్లు చలికాలంలో కొత్త మంచుతో కప్పబడి, వేసవి మొదట్లో పైకి ఏమీ కనిపించవు. తెల్లగా, సాఫీగా, ఎవరో నడిచిన అడుగులు కూడా ఉంటాయి. అడుగులు ఉన్నాయంటే నిన్న మంచు మోసిందని అర్థం, ఈరోజు సంగతి చెప్పలేం.

నార్వేలో అన్నిటికన్నా ఎత్తయిన గాల్‌హోపిగ్గెన్ శిఖరం, 2,469 మీటర్లు, ఈ సంగతికి మంచి ఉదాహరణ. దానికి రెండు పేరున్న దారులున్నాయి. స్పీతర్‌స్టూలెన్ నుంచి ఎక్కితే 1,300 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి, రాళ్లు, మంచు పట్టిన వాలు, రోజంతా పడుతుంది, కానీ పగుళ్లున్న హిమానీనదం దాటాల్సిన పని లేదు. యూవాస్‌హిట్టా నుంచి అయితే మొదలయ్యేదే 1,841 మీటర్ల దగ్గర, దూరం తక్కువ, చూడ్డానికి సులువు. కానీ మధ్యలో స్టిగ్గెబ్రేన్ హిమానీనదం ఉంది. అక్కడ గైడ్ వెంట తాడు కట్టుకునే వెళ్తారు. నడుముకి పట్టీ, దానికి కొక్కెం, కొక్కెంలోంచి తాడు. ముందు మనిషికీ మీకూ మధ్య తాడు నేల మీద పడి ఈడ్చుకోకుండా ఉండాలి. ఫొటో కోసం ఇద్దరు దగ్గరికి చేరితే గైడ్ కేకేస్తాడు. ఒకరు పగులులో పడితే తాడు వదులుగా ఉన్నంత మేరా కిందికి పోతారు, మిగతావాళ్లు కాళ్లు నిలదొక్కుకునే లోపే లాగేస్తారు. పిల్లలు కూడా నడిచే ఆ దారిలో గైడ్ ఎందుకని అడిగేవాళ్లకి జవాబు అదే. తక్కువ దూరం ఉన్న దారి కాబట్టి సొంతంగా వెళ్లొచ్చు అనుకోవడం ఆ కొండ మీద చేయగల పెద్ద తప్పు.

మంచు మీదికి ఎక్కకుండా దాని ముందు నిలబడినా ప్రమాదమే. యూస్తెదాల్స్‌బ్రేన్ యూరప్ ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా పెద్ద హిమానీనదం. కొన్ని చోట్ల మంచు మందం 600 మీటర్లు. దాని నుంచి దిగే నిగార్డ్స్‌బ్రేన్ అనే మంచు పాయ కొస దగ్గరికి టూరిస్టులు చాలామంది వెళ్తారు. 2014 ఆగస్టులో ఒక జర్మన్ దంపతులు అక్కడ హెచ్చరిక తాడు దాటి ముందుకెళ్లారు. పెద్ద మంచు ముక్క విరిగి పడి ఇద్దరూ చనిపోయారు. పిల్లలు అక్కడే ఉన్నారు. ఆ తాడు నడుమెత్తు కూడా ఉండదు, కాలు ఎత్తితే దాటొచ్చు. ఇంతకు ముందు చెప్పింది ఇదే: అక్కడ అడ్డు కట్టేది మిమ్మల్ని ఆపడానికి కాదు, మీకు చెప్పడానికి. చెప్పారంటే కారణం ఉంటుంది. కొస దగ్గరి మంచు అడుగున నీళ్లు గుహలు తవ్వుతాయి, ఏ చప్పుడూ లేకుండానే ముక్కలు రాలతాయి, లోపల ఆగిన నీళ్లు ఒక్కసారిగా బయటికి వస్తాయి.

మ్యాప్ కూడా ఇక్కడ వెనకబడుతుంది. బ్రిక్స్‌దాల్స్‌బ్రేన్ హిమానీనదం 1990లలో, మంచు బాగా కురిసిన చలికాలాల తర్వాత, ముందుకి పెరిగింది. 2000 తర్వాత వేగంగా వెనక్కి తగ్గి, తన కింద దాచుకున్న చెరువుని బయటపెట్టింది. పాత ఫొటోలో జనం మంచు మీద నిలబడిన చోట ఇప్పుడు నీళ్లున్నాయి. పాత మ్యాప్‌లో తెల్లగా ఉన్న భాగం చుట్టూ ఇవాళ వదులు రాళ్లు, నున్నటి బండలు, కొత్త ఏర్లు ఉంటాయి. అందుకే అయిదారేళ్ల కిందటి ప్రయాణ వివరాలు చదివి హిమానీనదం దగ్గరికి దారి వెతుక్కోవద్దు.

ఎర్ర 'టీ' అక్షరం, క్యాబిన్ తాళంచెవి

ఇంత స్వేచ్ఛ ఉన్న చోట మనిషికి తోడుగా ఏమీ లేదా అంటే, ఉంది. 1868లో మొదలైన నార్వే ట్రెక్కింగ్ సంఘం, డీఎన్‌టీ, వేల కిలోమీటర్ల దారులకి గుర్తులు పెట్టింది. రాళ్ల కుప్పల మీద, బండల మీద ఎర్ర రంగుతో టీ అక్షరం. పొగమంచు కమ్మినప్పుడు ఒక టీ దగ్గర నిలబడి, తర్వాతి టీ కనిపించాకే కదలాలి. కనిపించకపోతే అక్కడే ఆగి మ్యాప్ తీయాలి. ఫోన్ బ్యాటరీ చలికి త్వరగా పడిపోతుంది, కాగితం మ్యాప్, దిక్సూచి ఉండాల్సిందే.

ఆ సంఘానికి 500కి పైగా క్యాబిన్లు ఉన్నాయి. వాటిలో ఒక రకం నాకు చాలా ఇష్టం. మనిషి ఉండడు. సభ్యులకి ఒకే రకం తాళంచెవి ఇస్తారు, దాంతో అలాంటి క్యాబిన్ల తలుపులు తెరుచుకుంటాయి. లోపలికి వెళ్లగానే బూట్లు విప్పే చోటు, పక్కన చీల్చిన కట్టెలు, ఇనప పొయ్యి. సామాన్ల గదిలో ఓట్స్, పాస్తా, ఎండు రొట్టెలు, డబ్బా కూరలు. వచ్చినవాళ్లు ముందు పుస్తకంలో పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు అన్నది రాస్తారు. ఏం తిన్నారో, ఎన్ని రాత్రులు ఉన్నారో వాళ్లే లెక్కేసి కడతారు. ఏటి నుంచి నీళ్లు మోసుకొస్తారు, వెళ్లేటప్పుడు నేల ఊడ్చి, తర్వాత వచ్చేవాళ్ల కోసం కట్టెలు కొట్టి పెట్టి తలుపు వేస్తారు. ఆ పుస్తకంలో రాయడం మర్యాద కోసమే కాదు. ఎవరైనా కనపడకుండా పోతే వెతికేవాళ్లు మొదట చూసేది దాన్నే. టెంట్‌తో వెళ్లేవాళ్లు కూడా దారిలో క్యాబిన్ ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటే, గాలి మరీ ఎక్కువైన రాత్రి తలదాచుకోవచ్చు.

1967 ఈస్టర్ సెలవుల్లో అక్కడి కొండల్లో 18 మంది చనిపోయాక, రెడ్‌క్రాస్, డీఎన్‌టీ కొండ నియమాలను దేశమంతా ప్రచారం చేశాయి. ఇప్పుడవి తొమ్మిది. బడిపిల్లలకి కూడా నోటికొస్తాయి. ఎనిమిదోది సమయానికి వెనక్కి తిరగమంటుంది, తిరగడంలో సిగ్గు లేదంటుంది. మనవాళ్లకి ఇదే కష్టం. పదిహేను గంటలు ప్రయాణం చేసి, లీవు పెట్టి, ఇంత డబ్బు ఖర్చు చేసి వచ్చాక, శిఖరం కనిపిస్తుండగా వెనక్కి తిరగడానికి మనసొప్పదు. త్రోల్‌తుంగా రాతి నాలుక దగ్గర జరిగింది చూడండి. 2010లో ఏడాదికి వెయ్యి మంది కూడా వెళ్లని ఆ చోటికి, ఫొటోలు పాకి, 2016 నాటికి సుమారు 80 వేల మంది వెళ్లారు. షెగ్గెదాల్ నుంచి రానూపోనూ దాదాపు 27 కిలోమీటర్లు, పది పన్నెండు గంటల నడక. మధ్యాహ్నం బయల్దేరి, స్పోర్ట్స్ షూతో, ఒక నీళ్ల సీసాతో వెళ్లినవాళ్ల కోసం రక్షణ బృందాలు మాటిమాటికీ కొండెక్కాల్సి వచ్చింది. రక్షించినందుకు అక్కడ డబ్బు అడగరు. వచ్చేది చాలావరకు రెడ్‌క్రాస్ వలంటీర్లు, ఉద్యోగాలు, పిల్లలు ఉన్నవాళ్లు. నిజంగా అవసరమైతే మొహమాటపడకుండా 112కి ఫోన్ చేయాలి. అవసరం రాకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లో పని.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది యోటున్‌హైమెన్ పర్వతాల్లోని బెస్సెగ్గెన్ గట్టు, జులై మధ్య నుంచి ఆగస్టు ఆఖరు లోపు. హిమానీనదం తగలదు, దారి స్పష్టం, ఒక పక్క ఆకుపచ్చటి యెండె చెరువు, ఇంకో పక్క దాని కన్నా దాదాపు 400 మీటర్ల ఎత్తున నీలంగా బెస్‌వాత్నెట్ చెరువు. నడక సుమారు 14 కిలోమీటర్లు. ముందు యెండె చెరువు ఒడ్డునున్న యెండెస్‌హైమ్ నుంచి పడవలో మెమురుబు వెళ్లి, అక్కడి నుంచి నడిచి వెనక్కి రండి. అటు నుంచి వస్తే ఆ సన్నటి గట్టుని దిగడం కాకుండా ఎక్కడం ఉంటుంది, ఎత్తంటే భయమున్నవాళ్లకి అది చాలా తేలిక. పైగా పడవ ముందే ఎక్కేశారు కాబట్టి సాయంత్రం ఆఖరి పడవ తప్పిపోతుందన్న ఆత్రం ఉండదు; గాలి ఎక్కువైతే ఆగొచ్చు, ఒకరికి కాలు నొప్పి పెడితే మెల్లగా రావొచ్చు. గట్టు మొదట్లోకి వచ్చేసరికి మేఘం దిగి ఉంటే మెమురుబుకే తిరిగిపోండి. అక్కడ క్యాబిన్ ఉంది, టెంట్‌కి చోటుంది, మర్నాడు పడవ ఉంటుంది.